బ్యాటరీ ఎవరిది?

1900లో అమెరికా ప్రభుత్వం జనాభాతో పాటు కర్మాగారాల లెక్కలు కూడా తీసింది. ఏడాది కాలంలో ఆ దేశంలో తయారైన మోటారు బండ్లు 4,192 అని తేలింది. వాటిలో ఆవిరితో నడిచేవి 1,681, బ్యాటరీతో నడిచేవి 1,575. పెట్రోలువి 936 మాత్రమే. అప్పటికి పెట్రోలు కారు మూడో స్థానంలో, అదీ చాలా వెనకబడి ఉంది. మరో ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆవిరి బండి దాదాపు కనుమరుగైంది. బ్యాటరీ కారు కొన్ని కలవారి ఇళ్లలో పెద్దవయసు దొరసానుల బండిగా మిగిలింది. రోడ్డంతా పెట్రోలుదైపోయింది. ఇదెందుకు జరిగిందని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: ఆనాటి బ్యాటరీ చేతకానిది, పెట్రోలు చేవగలది, చేవగలది గెలిచింది. ఈ జవాబులో అబద్ధం లేదు గానీ ఇది సగం జవాబే. బ్యాటరీని కొనేదెవరు, దాన్ని కాపాడేదెవరు, అది చచ్చినప్పుడు నష్టం మోసేదెవరు అన్న ప్రశ్న ఒకటి మొదటినుంచీ ఈ బండి వెంటే నడిచింది. దానికి తగిన జవాబు చూసుకున్న చోట కరెంటు బండి ఏళ్ల తరబడి లాభంగా తిరిగింది. ఆ బరువును కొన్నవాడి నెత్తిన వదిలేసిన చోట అది విలాస వస్తువుగా మొదలై విలాస వస్తువుగానే ముగిసింది. ఎలక్ట్రిక్ కార్లు మళ్లీ రోడ్డెక్కిన ఈ రోజుల్లో ఆ పాత కథను ఈ వైపు నుంచి చదవడం అవసరం.

ముందు ఆ బ్యాటరీ సంగతి. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు పలకలను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామీ ఫోర్ ఆ పలకలకు సీసపు ఆక్సైడు ముద్ద పూసి దాని సత్తా పెంచాడు. అదే ఏడాది గుస్తావ్ త్రూవే పారిస్ వీధిలో బ్యాటరీతో మూడు చక్రాల బండిని నడిపి చూపించాడు. 1899 ఏప్రిల్ 29న బెల్జియం దేశస్థుడు కామీ జెనాట్జీ పారిస్ దగ్గర ఆషేర్‌లో గంటకు 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. భూమ్మీద వంద కిలోమీటర్ల వేగం దాటిన తొలి మోటారు బండి బ్యాటరీదే. కాబట్టి వేగం విషయంలో లోటు లేదు. చిక్కంతా ఆ సీసపు పలకల స్వభావంలో ఉంది. చార్జి అయిపోయిన స్థితిలో నాలుగు రోజులు వదిలేస్తే పలకల మీద గట్టి పొర కట్టి తర్వాత చార్జి ఎక్కదు. ఎక్కువసేపు చార్జి పెడితే పూసిన ముద్ద రాలి అడుగున పేరుకుంటుంది. గతుకుల రోడ్డు మీద కుదుపులకూ అంతే. నీళ్లు తగ్గకుండా చూడాలి, ఆమ్లం చిక్కదనం కొలవాలి, కొన్నాళ్లకొకసారి విప్పి కడగాలి. బండి కదిలినా కదలకపోయినా బ్యాటరీకి మాత్రం రోజూ మేతా నీళ్లూ చూడాల్సిందే, పని లేని రోజు కూడా గడ్డి తినే ఎద్దులాగా. పెట్రోలు బండిలో ఇంధనం వేరు, యంత్రం వేరు. పెట్రోలు అయిపోతే పోయించుకుంటాం, యంత్రం ఉంటుంది. బ్యాటరీ బండిలో ఇంధనం పాత్రే అరుగుతూ ఉంటుంది. నడిచిన ప్రతి మైలుకూ యజమాని తన ఆస్తిలో కొంత కోల్పోతాడు, ఎంత కోల్పోయాడో అతనికి కనిపించదు.

ఈ సంగతిని మొదట గుర్తించి దాని చుట్టూ వ్యాపారం కట్టినవాళ్లు ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ మోరిస్, పెడ్రో శాలోమ్. 1894లో వాళ్లు ఎలక్ట్రోబాట్ పేరుతో ఒక బండి కట్టారు. బండి బరువులో మూడో వంతుకు పైగా బ్యాటరీదే. దాన్ని కొనుక్కోమని ఎవరినీ అడగలేదు. 1897లో న్యూయార్క్‌లో డజను బండ్లతో అద్దె క్యాబుల సేవ మొదలుపెట్టారు. బండ్లు కంపెనీవి, డ్రైవర్లు కంపెనీ మనుషులు, బ్యాటరీలు కంపెనీ ఆవరణలో ఉండేవి. తిరిగి వచ్చిన క్యాబు లోంచి బ్యాటరీ పెట్టెను యంత్రంతో లాగి, చార్జి ఎక్కిన మరో పెట్టెను అందులోకి నెట్టేవారు. కొంతకాలానికి బ్రాడ్వే మీద పాత స్కేటింగ్ శాల ఒకటి తీసుకుని, పైన క్రేన్లు బిగించి, ఈ మార్పిడిని నిమిషాల పనిగా చేశారు. ఇదేమీ ఆకాశం నుంచి ఊడిపడిన ఆలోచన కాదు. అప్పటి నగరాల్లో అద్దె గుర్రపు బండ్ల శాలలన్నీ ఇలాగే నడిచేవి. అలసిన గుర్రాన్ని విప్పి కట్టేసి, మేత మేసి సేదతీరిన గుర్రాన్ని పూన్చి పంపేవారు. ప్రయాణికుడికి గుర్రం ఆరోగ్యంతో పనిలేదు. 1899 ఫిబ్రవరిలో న్యూయార్క్‌ను మంచు తుపాను ముంచెత్తి గుర్రాలు అడుగు వేయలేకపోయినప్పుడు ఈ క్యాబులు తిరుగుతూ మంచి పేరు తెచ్చుకున్నాయి. ఆ ఏడాది మే నెలలో జేకబ్ జర్మన్ అనే క్యాబు డ్రైవరును లెక్సింగ్టన్ అవెన్యూ మీద పోలీసులు పట్టుకున్నారు. నేరం గంటకు 12 మైళ్ల వేగం. అమెరికాలో అతివేగానికి అరెస్టయిన తొలి మోటారు డ్రైవరుగా అతని పేరు చరిత్రకెక్కింది. సెప్టెంబరులో హెన్రీ బ్లిస్ అనే ఆయన ట్రామ్ దిగుతూ ఇలాంటి క్యాబు కిందే పడి చనిపోయాడు. ఆ దేశంలో మోటారు కారు గుద్ది పాదచారి మరణించిన తొలి ఘటనగా దాన్ని చెబుతారు. మంచిచెడ్డలు రెండిట్లోనూ మోటారు యుగపు తొలి రికార్డులు బ్యాటరీ బండివే కావడం, అప్పుడు రోడ్డు మీద దానికున్న స్థానం ఏమిటో చెబుతుంది.

తర్వాత ఆ వ్యాపారం పెట్టుబడిదారుల చేతుల్లో పడింది. బ్యాటరీ పరిశ్రమలో పెత్తనం ఉన్న ఐజాక్ రైస్ 1897లో ఆ సంస్థను కొని ఎలక్ట్రిక్ వెహికిల్ కంపెనీగా మార్చాడు. 1899లో వీధి ట్రామ్‌ల వ్యాపారంలో కోట్లు గడించిన విలియం విట్నీ, పీటర్ వైడెనర్ వచ్చి చేరారు. హార్ట్‌ఫోర్డ్‌లో సైకిళ్లు, కొలంబియా మార్కు బ్యాటరీ కార్లు చేసే ఆల్బర్ట్ పోప్‌ను కలుపుకున్నారు. న్యూయార్క్‌లో ఒక్క శాలను సరిగా నడపడం పూర్తిగా చేతికి రాకముందే బోస్టన్, ఫిలడెల్ఫియా, చికాగో అంటూ ఊరూరా అనుబంధ కంపెనీలు తెరిచారు. వేల క్యాబులకు ఆర్డర్లు, కోట్ల డాలర్ల షేర్లు. చికాగోలోనో బోస్టన్‌లోనో బ్యాటరీ గదిలో పనిచేసే మనిషికి ఆమ్లం ఎప్పుడు కొలవాలో నేర్పినవాడు లేడు. నిలకడగా ఒకచోట ఉండడానికి రూపొందించిన బ్యాటరీలు రాళ్లు పరిచిన వీధుల కుదుపులకు అనుకున్నదానికంటే చాలా ముందే పాడయ్యాయి. బరువుకు టైర్లు చిరిగిపోయాయి. అదే ఏడాది చివర న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక కంపెనీ అప్పుల బాగోతం బయటపెట్టింది. షేర్లు పడిపోయాయి. పత్రికలు అప్పటికే ఆ సంస్థను సీసపు క్యాబుల ముఠా అని ఎగతాళి చేస్తున్నాయి. ఆ తర్వాత జరిగింది మరీ విడ్డూరం. జార్జ్ సెల్డెన్ అనే న్యాయవాదికి 1895లో పెట్రోలు కారు మీద దక్కిన పేటెంటు హక్కు ఈ కంపెనీ చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని, బ్యాటరీ క్యాబుల కంపెనీ పెట్రోలు కార్ల తయారీదారుల దగ్గర లైసెన్సు రుసుము వసూలు చేసుకుంటూ కొన్నేళ్లు బతికింది. కట్టనన్న హెన్రీ ఫోర్డ్ మీద దావా పడితే, అతను కోర్టులో పోరాడి 1911లో గెలిచాడు. అప్పటికే, 1907లో, కంపెనీ దివాలా తీసింది.

దీన్నుంచి ఆనాటి జనం నేర్చుకున్న పాఠం ఏమిటంటే, బ్యాటరీ బండ్ల అద్దె వ్యాపారం గిట్టదని. ఆ పాఠం తప్పుడుది. ఈ కాలాన్ని లోతుగా పరిశోధించిన డేవిడ్ కిర్ష్ వంటి చరిత్రకారులు కంపెనీ పతనంలో యంత్రం పాత్ర కంటే నిర్వహణ పాత్రే ఎక్కువని చూపారు. నా ఉద్దేశంలో దానికి ఒక చిన్న సవరణ కావాలి. బ్యాటరీలు అనుకున్నంత కాలం మన్నకపోవడం కూడా నిజమే. అయితే అలా మన్నకపోవడాన్ని లెక్కకట్టి, సరిదిద్దుకుని, ధరలో కలుపుకునే ఓపిక ఒక స్థానిక సంస్థకు ఉండగలదు. షేరు ధర కోసం పది ఊళ్లకు పరిగెత్తే సంస్థకు ఉండదు. పరాజయానికి కారణం ఏదైనా, ఫలితం మాత్రం ఒకటే. సేవగా నడవాల్సిన బండి ఇకపై సరుకుగా అమ్ముడయ్యే బండి అయిపోయింది.

సరుకుగా అమ్మాలంటే కొనేవాడు కావాలి. అతనికి ఇంట్లో గ్యారేజీ ఉండాలి, కరెంటు ఉండాలి, కరెంటు ఏసీ అయితే దాన్ని డీసీగా మార్చే పాదరసపు రెక్టిఫైయరు ఉండాలి, బ్యాటరీ బాగోగులు చూడడానికి పనివాడు ఉండాలి. ఇన్ని ఉన్నవాళ్లు కలవారే. కాబట్టి బేకర్, డెట్రాయిట్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలు వాళ్లనే దృష్టిలో పెట్టుకుని బండ్లు చేశాయి: లోపల మెత్తని గద్దెలు, పూలకూజా, చుట్టూ అద్దాలు, చక్రం బదులు చేతికర్రతో నడిపే తీరు. ప్రకటనల్లో బొమ్మ ఎప్పుడూ టోపీ పెట్టుకున్న దొరసానిదే. పెట్రోలు కారు స్టార్టు చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. చమురు కంపు, పొగ, గేర్ల రొద సరేసరి. బ్యాటరీ కారులో అవేవీ లేవు గనక అది ఆడవాళ్లకు తగినదని ప్రచారం చేశారు. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా సైతం డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌లోనే తిరిగేది. ఈ ప్రచారం అమ్మకాలకు ఊతమిచ్చినట్టే ఇచ్చి పీక నులిమింది. ఆడవాళ్ల బండి అని ముద్ర పడ్డాక మగవాడు దాన్ని కొనడం చిన్నతనమైంది. ఒక ఇంట్లో రెండు కార్లుంటే రెండోది బ్యాటరీది కావచ్చు, ఒక్కటే ఉంటే అది కాదు. 1910ల తొలి సగంలో డెట్రాయిట్ ఎలక్ట్రిక్ ధర రెండున్నర వేల డాలర్లకు అటూ ఇటూ ఉండేది. 1908లో 850 డాలర్లకు మొదలైన ఫోర్డ్ మోడల్ టీ ఏటేటా చవకవుతూ 1920ల మధ్యకల్లా 300 లోపుకు దిగింది.

బ్యాటరీ మెరుగుపడితే ఇదంతా మారుతుందని నమ్మినవాళ్లలో పెద్దవాడు థామస్ ఎడిసన్. సీసం బదులు నికెలు, ఇనుముతో, ఆమ్లం బదులు క్షార ద్రవంతో కొత్త బ్యాటరీ చేస్తానని 1901లో ప్రకటించాడు. తొలి రకం మార్కెట్‌లోకి వచ్చాక కారడం మొదలుపెట్టింది. 1904లో తయారీ ఆపేసి ఎడిసన్ మళ్లీ ప్రయోగశాలకు వెళ్లాడు. 1910 నాటికి వచ్చిన రెండో రకం నిజంగానే మొండిది, ఎన్ని అవస్థలు పెట్టినా ఏళ్ల తరబడి మన్నేది. కానీ ధర ఎక్కువ, చలికి నీరసపడేది. దాన్ని వాడి చవక బ్యాటరీ కారు చేయబోతున్నామని 1914లో ఫోర్డ్ నుంచి మాట వచ్చింది, బండి రాలేదు. గమనించాల్సిన విషయం ఒకటుంది. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడం వల్ల కొన్నవాడి సమస్య తీరలేదు. ముందే చెల్లించాల్సిన సొమ్ము ఇంకా పెరిగింది. పదేళ్లు మన్నే వస్తువుకు ఈరోజే మొత్తం వెల కట్టమంటే సామాన్యుడికి ఆ మన్నిక ఉపయోగం లేనిదే.

ఇక్కడ హార్ట్‌ఫోర్డ్ కథ చెప్పుకోవాలి. కనెక్టికట్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో కరెంటు సరఫరా చేసే హార్ట్‌ఫోర్డ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీకి ఒక ఇబ్బంది ఉండేది. సాయంత్రం దీపాల వేళ జనరేటర్లన్నీ నడవాలి, అర్ధరాత్రి దాటితే అన్నీ ఖాళీ. రాత్రిపూట కరెంటు కొనేవాడు దొరికితే ఆ యంత్రాల మీద పెట్టిన పెట్టుబడి నిద్రపోకుండా ఉంటుంది. జనరల్ ఎలక్ట్రిక్ అనుబంధ సంస్థ జనరల్ వెహికిల్ కంపెనీ సరుకు రవాణా లారీలు చేసేది. 1910 నుంచి 1924 వరకు ఈ రెండు సంస్థల కలయికతో హార్ట్‌ఫోర్డ్‌లో ఒక పద్ధతి నడిచింది. దుకాణదారు లారీని బ్యాటరీ లేకుండా కొంటాడు. బ్యాటరీ కరెంటు కంపెనీది. చార్జి అయిపోతే కంపెనీ ఆవరణకు వచ్చి నిండుగా ఉన్న దానితో మార్చుకుని వెళ్తాడు. బండి నిలపడానికి, బాగోగులకు నెలకు ఇంత, నడిచిన దానికి మైలుకు ఇంత చొప్పున బిల్లు కడతాడు. ఆ పద్నాలుగేళ్లలో ఈ బండ్లు తిరిగిన దూరం 60 లక్షల మైళ్లకు పైగా, మన లెక్కలో దాదాపు కోటి కిలోమీటర్లు. అదే బ్యాటరీ, అదే సీసం, అవే గతుకులు. మారిందల్లా నష్టం ఎవరి పద్దులోకి వెళ్తుందన్నదే. బ్యాటరీ ఎంతకాలం మన్నుతుందో రొట్టెలు అమ్మేవాడు ఊహించలేడు. వంద బ్యాటరీలు చేతిలో ఉన్న కంపెనీ సగటు తీసి చెప్పగలదు. ఆమ్లం కొలిచే మనిషిని దుకాణదారు పెట్టుకోలేడు, కంపెనీకి ఆ మనిషి జీతం వంద బండ్ల మీద పంచుకుంటే లెక్కలోకే రాదు. బ్యాటరీ ఎక్కువ రోజులు బతికితే లాభం తనదే గనక కంపెనీ దాన్ని జాగ్రత్తగా చూసుకుంటుంది. 1917 నుంచి చికాగోలో మిల్‌బర్న్ కార్లు కొన్న సొంతదారులకూ ఇలాంటి ఏర్పాటు దొరికింది. కాబట్టి ఇది లారీలకే పనికొచ్చే ఉపాయమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది శక్తి లెక్క. కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో సీసపు బ్యాటరీలో ఈనాటికీ ఒక యూనిట్‌లో ముప్పయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పెట్రోలు ఇంజను తన శక్తిలో ఎక్కువ భాగం వేడిగా వృథా చేసినా ఈ అగాధం పూడదు. ఎవరు బిల్లు కట్టినా బ్యాటరీ బండి ఊరు దాటి దూరం పోలేదు. ఇది కాదనలేని మాట. అయితే దానికి అర్థం పెట్రోలు కారు ఊరి బయట గెలవాలని, ఊరి లోపల కూడా గెలవాలని కాదు. అప్పటి నగర వాహనం రోజుకు తిరిగే దూరం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ ఒక చార్జికి పోగల 80 మైళ్ల కంటే చాలా తక్కువ. దుకాణపు లారీ అడుగడుగునా ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ పెట్రోలు ఇంజను తిరుగుతూనో, హ్యాండిల్ కోసం ఎదురుచూస్తూనో ఉంటుంది, బ్యాటరీ మోటారు మాత్రం ఖర్చు లేకుండా నిలబడుతుంది. కానీ మనిషి కారు కొనేటప్పుడు మామూలు రోజును చూసి కొనడు, ఎప్పుడో ఒకసారి వెళ్లబోయే దూర ప్రయాణాన్ని చూసి కొంటాడు. సొంత ఆస్తిగా అమ్మితే కొనుగోలుదారు ఊహలోని ఆ ఒక్క రోజు తూకం వేస్తుంది. సేవగా అమ్మితే మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు తూకం వేస్తాయి. శక్తి లెక్క ప్రకృతి నియమమే, ఆ లెక్కను ఏ రోజు మీద వేస్తామన్నది మాత్రం అమ్మకపు తీరు నిర్ణయించింది.

ఫోర్డ్ చవకతనం సంగతేమిటని అడగవచ్చు. భారీ ఉత్పత్తి వల్ల ధర తగ్గింది నిజమే, కానీ భారీ ఉత్పత్తికి కావాల్సిన గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది? పల్లెల నుంచి. 1930 నాటికి కూడా అమెరికాలో పది వ్యవసాయ కుటుంబాల్లో ఒకదానికే కరెంటు ఉండేది. పెట్రోలు మాత్రం కిరాణా కొట్లో డబ్బాల్లో దొరికేది. దానికి తీగ అక్కర్లేదు, స్తంభం అక్కర్లేదు, ఇంటికి మీటరు అక్కర్లేదు. పల్లెలకు కరెంటు తీసుకెళ్లే ప్రభుత్వ సంస్థ 1935లో ఏర్పడేనాటికి మోడల్ టీ శకమే ముగిసింది. పైగా బ్యాటరీ కారు సుగుణాలను పెట్రోలు కారు ఒక్కొక్కటే దొంగిలించింది. చార్లెస్ కెటరింగ్ చేసిన కరెంటు స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్‌లో రావడంతో హ్యాండిల్ భయం పోయింది. దాని వెంట కరెంటు దీపాలు, తర్వాత అద్దాలు బిగించిన మూసిన బండ్లు. సీసపు బ్యాటరీ ఓడిపోలేదు, చిన్నదై పెట్రోలు కారు లోపల చేరి ఈ రోజుకీ దాన్ని స్టార్టు చేస్తోంది. ఆ చిన్న బ్యాటరీని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నే పుట్టలేదు, ఇంజను నడుస్తున్నంతసేపూ డైనమో దాన్ని చార్జి చేస్తూ ఉంటుంది.

చమురు కంపెనీలు కుట్రపన్ని ఎలక్ట్రిక్ కారును చంపాయన్న మాట చాలామందికి ఇష్టం. ఈ కాలానికి మాత్రం అది అతకదు. 1901లో టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మి ఇంధనం చవకైన మాట నిజమే. కానీ 1910ల రెండో సగంలో పెట్రోలు ధర పెరిగినప్పుడు బ్యాటరీ కారుకు ఒరిగిందేమీ లేదు. అప్పటికే మరమ్మతు దుకాణాలు, డ్రైవింగ్ తెలిసిన కుర్రాళ్లు, రోడ్డు పక్క పంపులు, అన్నీ పెట్రోలు చుట్టూ అల్లుకుపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాలు వేల సంఖ్యలో పెట్రోలు లారీలు కొని ఆ అల్లికను మరింత బిగించాయి. ఇందుకు అవతలి ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల దాకా ఇంటింటికీ పాల సీసాలు వేసే బండ్లు బ్యాటరీవే, వేల సంఖ్యలో. తెల్లవారుజామున చప్పుడు లేకుండా తిరిగి, మధ్యాహ్నానికి డైరీకి చేరి, రాత్రంతా చార్జి అయ్యేవి. బండీ బ్యాటరీ రెండూ డైరీ కంపెనీవి, చూసుకునే మనిషి డైరీ ఉద్యోగి. పెట్రోలు యుగం నడిమధ్యన, అదే సీసపు బ్యాటరీతో అవి బతికాయి. వాటిని చివరికి తరిమింది పెట్రోలు బండి కాదు, ఫ్రిజ్జు, సూపర్‌మార్కెట్.

నా వాదానికి ఎదురు నిలిచే అసలైన సాక్ష్యం ఇటీవలిదే. 2007లో షై అగాసీ మొదలుపెట్టిన బెటర్ ప్లేస్ సంస్థ సరిగ్గా ఈ నమూనానే ఎత్తుకుంది. కారు నీది, బ్యాటరీ మాది, అయిపోతే మా కేంద్రంలో నిమిషాల్లో మార్చుకో అన్నది. ఇజ్రాయెల్, డెన్మార్క్‌లలో కేంద్రాలు కట్టింది, ఎనిమిది వందల మిలియన్ డాలర్లకు పైగా పెట్టుబడి తెచ్చింది, 2013లో దివాలా తీసింది. అమ్ముడైన కార్లు రెండు దేశాల్లో కలిపి రెండు వేలు కూడా లేవు. సేవా నమూనా అంత మంచిదైతే ఇదేమిటి? నాకు తోచిన జవాబు హార్ట్‌ఫోర్డ్‌లోనే ఉంది. అక్కడ కంపెనీకి ఆవరణ ముందే ఉంది, తీగలు ముందే ఉన్నాయి, రాత్రి మిగిలిపోయే కరెంటు ముందే ఉంది. ఒకే ఊళ్లో, రోజూ ఒకే దారిలో తిరిగే దుకాణాల లారీలతో మొదలుపెట్టింది. బెటర్ ప్లేస్ దేశమంతా కేంద్రాలు ముందు కట్టి, సరిపోయే కారు రెనో కంపెనీది ఒక్క రకం చేతిలో పెట్టుకుని, కొనేవాళ్ల కోసం ఎదురుచూసింది. 1899లో విట్నీ బృందం చేసిన పనీ ఇలాంటిదే, ఒక ఊళ్లో నిలదొక్కుకోకముందే పది ఊళ్లు. బ్యాటరీ బాధ్యతను సంస్థ తీసుకోవడం అవసరమే, కానీ అది ఒక్కటే సరిపోదు. ఆ బాధ్యతను పంచుకోవడానికి తగినంత మంది, తగినంత దగ్గరగా, రోజూ వాడుతూ ఉండాలి. ఈ షరతు లేకుండా నా వాదం నిలవదు.

ఈ షరతు నెరవేరే చోటు మన ఊళ్లలో బస్సు డిపో. హైదరాబాద్‌లో 2019లో శంషాబాద్ విమానాశ్రయం దారిలో ఆర్టీసీ తిప్పిన నలభై ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీ కొన్నవి కావు. బస్సు, బ్యాటరీ, డ్రైవరు ఒలెక్ట్రా కంపెనీ వైపు నుంచి వస్తాయి, టికెట్ డబ్బు ఆర్టీసీకి, నడిచిన కిలోమీటరుకు ఇంత చొప్పున కంపెనీకి చెల్లింపు. 2022లో తిరుపతి నుంచి తిరుమల కొండ మీదికి ఏపీఎస్ఆర్టీసీ నడపడం మొదలుపెట్టిన ఎలక్ట్రిక్ బస్సులదీ ఇదే పద్ధతి. దీన్ని దొడ్డిదారి ప్రైవేటీకరణ అంటూ కార్మిక సంఘాలు తప్పుపడుతున్నాయి. డ్రైవరు ఉద్యోగం విషయంలో వాళ్ల ఆందోళనకు ఆధారం ఉంది. కానీ బ్యాటరీ విషయం వరకు చూస్తే, అప్పుల్లో ఉన్న ఆర్టీసీ బస్సుల బ్యాటరీలన్నిటికీ ముందే వెల కట్టి, అవి ఎప్పుడు చస్తాయో చూస్తూ కూర్చోవడం కంటే కిలోమీటరు లెక్క మేలు. ఉద్యోగం ప్రశ్నను, బ్యాటరీ ప్రశ్నను విడదీసి ఒప్పందం రాసుకోవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. హార్ట్‌ఫోర్డ్‌లో లారీ నడిపింది దుకాణదారు మనుషులే. సొంత వాహనాల్లోకీ ఈ పద్ధతి వస్తోంది. బ్యాటరీ లేకుండానే ఎలక్ట్రిక్ వాహనాన్ని అమ్మి రిజిస్టరు చేయవచ్చని కేంద్ర రవాణా శాఖ 2020 ఆగస్టులో రాష్ట్రాలకు తెలిపింది. 2024 సెప్టెంబరులో ఎంజీ కంపెనీ విండ్సర్ కారును 9.99 లక్షలకు, బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దెకు ప్రకటించింది. కొత్త ఆలోచనగా చాలామంది మెచ్చుకున్నారు. హార్ట్‌ఫోర్డ్ రొట్టెల దుకాణదారుకు అది పరిచయమైన బిల్లే.

లిథియం వచ్చాక ఈ పాత గొడవంతా ఎందుకని అనేవాళ్లున్నారు. లిథియం బ్యాటరీకి నీళ్లు పోయనక్కర్లేదు, సీసం కంటే ఎన్నో రెట్లు శక్తి దాచుకుంటుంది, ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తున్నారు. అన్నీ నిజమే. అయినా పాత కారు కొనబోయేవాడు మొదట అడిగేది బ్యాటరీ ఇంకెన్నాళ్లు వస్తుందనే, దానికి అమ్మేవాడి దగ్గర నమ్మదగిన జవాబు ఉండదు. తేడా ఇంకొకటి ఉంది, అది మనకు అనుకూలమైనది కాదు. హార్ట్‌ఫోర్డ్‌లో కరెంటు అమ్మేవాడు, బ్యాటరీ సొంతదారు ఒక్కరే. రాత్రి కరెంటు అమ్ముడుపోవడం, బ్యాటరీ నిదానంగా చార్జి అయి ఎక్కువ కాలం మన్నడం, వాడకందారు బిల్లు తగ్గడం మూడూ ఒకే పద్దు పుస్తకంలో కలిసేవి. మన దగ్గర కరెంటు డిస్కంది, బ్యాటరీ అద్దె ఫైనాన్సు సంస్థది, చార్జింగ్ కేంద్రం ఇంకొకరిది, కారు కంపెనీ వేరు. గబగబా చార్జి చేసే కేంద్రానికి బ్యాటరీ త్వరగా అరిగితే నష్టం లేదు, డిస్కంకు ఆ బ్యాటరీ ఎవరిదో పట్టదు. బస్సుల విషయంలో పది పన్నెండేళ్ల ఒప్పందాలు నడుస్తున్నాయి. ఆ గడువు లోపల బ్యాటరీలు ఒకసారైనా మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు కిలోమీటరు ధరలో ఇమిడి ఉందని కాగితం మీద రాసుకున్నారు. మార్చాల్సిన ఏడాదిలో కంపెనీ నిలబడి ఉంటే ఆ లెక్క చెల్లుతుంది. 1907లో న్యూయార్క్ కంపెనీలా మునిగిపోతే, బస్సులూ బ్యాటరీలూ అప్పిచ్చిన బ్యాంకు చేతికి పోతాయి, చార్జింగ్ స్తంభాలున్న డిపో స్థలం, బస్సు కోసం నిలబడ్డ జనం ఆర్టీసీకి మిగులుతారు. ఆ సందర్భానికి ఏం చేయాలో ఒప్పందంలో ఎంత వివరంగా రాశారన్నది, బ్యాటరీ రసాయనం కన్నా ముందు చూడాల్సిన కాగితం.